పాతిక గళ్ల వాద్యం

కమోడోర్ 64 స్విచ్ వేస్తే నీలం తెర వస్తుంది. బేసిక్ ప్రోగ్రాములు రాసుకోవడానికి 38911 బైట్లు ఖాళీగా ఉన్నాయని ఓ ముక్క చెప్పి, కింద కర్సర్ మిణుకుమిణుకుమంటూ కూర్చుంటుంది. సరే, ఏదైనా వాయించమందాం అనుకుంటే ఏమని అడగాలో తోచదు. ఆ బేసిక్‌లో ధ్వనికి ఆజ్ఞ ఒక్కటంటే ఒక్కటి లేదు. పాటకు లేదు, స్వరానికి లేదు, కనీసం కుయ్‌మనడానిక్కూడా లేదు. విడ్డూరం ఏమిటంటే, 1982లో ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లలో మేలైన ధ్వని చిప్ ఉన్నది ఈ పెట్టెలోనే. మైక్రోసాఫ్ట్ దగ్గర ఎప్పుడో తీసుకున్న పాత బేసిక్‌నే కంపెనీ ఈ కొత్త యంత్రంలోనూ పెట్టి అమ్మేసింది. చిప్‌కు నోరుంది, పలకరించే మాటే లేదు.

దారి ఒక్కటే, పోక్. మెమరీలో ఫలానా గడిలో ఫలానా అంకె పెట్టు అని చెప్పే ఆజ్ఞ అది. ధ్వని చిప్ గళ్లు 54272 దగ్గర మొదలై 54300 దగ్గర ఆగుతాయి. మొత్తం 29. వాటిలో మొదటి పాతికా రాయడానికే. ఇందాక ఏ అంకె రాశానని తిరిగి అడిగితే చిప్ చెప్పదు, గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. ఈ పాతిక గళ్లతోనే యూరప్‌లో, అమెరికాలో ఒక తరం కుర్రాళ్లు వయొలిన్లూ డ్రమ్ములూ గంటలూ గిటార్లూ తయారుచేసుకున్నారు. తయారుచేసుకున్నారు అనే అంటున్నా. ఈ చిప్‌లో ముందుగా పెట్టి ఇచ్చిన వాద్యం ఒక్కటీ లేదు మరి.

చిప్ నంబరు 6581. పేరు సౌండ్ ఇంటర్‌ఫేస్ డివైస్, అందరూ ముద్దుగా పిలిచేది సిడ్. కమోడోర్ సొంత చిప్‌ల విభాగం మాస్ టెక్నాలజీ పెన్సిల్వేనియాలో ఉండేది. అక్కడి కుర్ర ఇంజనీరు రాబర్ట్ యానెస్ 1981లో దీన్ని గీశాడు. యానెస్‌కు సింథసైజర్ల పిచ్చి. అప్పటి ధ్వని చిప్‌లు చేసినవాళ్లకు సంగీతం గురించి ఏమీ తెలియదని ఆయన తర్వాతి రోజుల్లో నిర్మొహమాటంగానే చెప్పాడు. బయట వేల డాలర్లు పోస్తే తప్ప దొరకని సింథసైజర్‌లో ఉండే సరంజామా అంతా ఒక్క చిప్‌లో ఇరికించాలన్నది ఆయన పట్టుదల. గడువేమో 1982 జనవరి, లాస్‌వెగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన. 32 గొంతులు పెట్టాలనుకున్నాడు. అంత పకడ్బందీగా గీసే తీరిక దొరకలేదు. ఒక గొంతుకు వేసిన నమూనానే పక్కపక్కన మూడుసార్లు అచ్చేసి ఇచ్చేశాడు. ధ్వనిని వడకట్టే ఫిల్టర్ కూడా తను కోరుకున్నట్టు రాలేదని ఆయన అసంతృప్తి.

ఆ 32 మాట మాత్రం ఆయన మర్చిపోలేదు. కమోడోర్ వదిలేసి స్నేహితులతో కలిసి ఎన్సానిక్ అనే కంపెనీ పెట్టాడు. 1984లో వాళ్లు తెచ్చిన మిరాజ్ కీబోర్డు లోపలి చిప్‌లో తరంగం పుట్టించే ఆసిలేటర్లు సరిగ్గా 32 ఉన్నాయి. అదే చిప్ 1986లో ఆపిల్ టూ జీఎస్ కంప్యూటర్‌లోకీ వెళ్లింది. అయినా ఇవాళ యానెస్ పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది మిరాజ్ కాదు, హడావిడిలో ముగించిన ఆ మూడు గొంతులే.

అంకె మారితే వాద్యం మారుతుంది

ఒక్కో గొంతుకు ఏడు గళ్లు. రెండు గళ్లలో శ్రుతి, రెండింట్లో పల్స్ వెడల్పు, ఒక గడిలో తరంగం రకం, మిగిలిన రెండింట్లో ఆ ధ్వని పుట్టుక నుంచి చావు దాకా జాతకం. మూడేళ్లు ఇరవై ఒకటి. మిగతా నాలుగు గళ్లూ ఫిల్టర్‌కు, మొత్తం వాల్యూమ్‌కు.

తరంగాలు నాలుగు రకాలు. త్రిభుజం మెత్తగా, కొంచెం పిల్లనగ్రోవి వాటంగా ఉంటుంది. రంపం పళ్ల తరంగం నిండుగా, కరుగ్గా కోస్తూ పోతుంది. పల్స్ వెడల్పును బట్టి కాసేపు బొంగురుగా, కాసేపు ముక్కుతో పాడినట్టుగా వినిపిస్తుంది. నాలుగోది నాయిస్, స్వరం లేని బుస. వీటికి గడిలో పెట్టాల్సిన అంకెలు 16, 32, 64, 128. దానికి ఒకటి కలిపితే, అంటే 17 లేదా 33 పెడితే, గేట్ తెరుచుకుని ధ్వని మొదలవుతుంది. ఆ ఒకటి తీసేస్తే ధ్వని సద్దుమణగడం మొదలవుతుంది.

ఇక జాతకం. అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అనే నాలుగు దశలను సింథసైజర్ల వాళ్లంతా ఎరుగుదురు. సిడ్‌లో ఒక్కోదానికి 0 నుంచి 15 దాకా పదహారు మెట్లు. అటాక్ 0 పెడితే ధ్వని 2 మిల్లీసెకన్లలో శిఖరానికి చేరుతుంది, 15 పెడితే అక్కడికి పాకడానికి 8 సెకన్లు పడుతుంది. డికే, రిలీజ్‌లు 6 మిల్లీసెకన్ల నుంచి 24 సెకన్ల దాకా. సస్టెయిన్ మాత్రం కాలం కాదు, స్వరం ఏ మట్టం దగ్గర నిలబడాలో చెప్పే అంకె.

చేసి చూద్దాం. 54296లో 15 పెడితే వాల్యూమ్ పూర్తిగా తెరుచుకుంటుంది. 54273లో 29, 54272లో 69 పెడితే 440 హెర్ట్జ్ స్వరం సిద్ధం. 54277లో 9, 54278లో 0 పెట్టి, 54276లో 33 అనండి. తీగ మీటినట్టు టంగున మోగి, ముప్పావు సెకనులో కరిగిపోతుంది. మరేమీ ముట్టుకోకుండా 32 అని గేట్ మూసి, 54278లో సున్నాకు బదులు 240 పెట్టి మళ్లీ 33 అనండి. ఈసారి తీగ లేదు. హార్మోనియం మెట్టు నొక్కి పట్టుకున్నట్టు స్వరం కదలకుండా నిలబడిపోతుంది. మళ్లీ గేట్ మూసి, ఇప్పుడు 54277లో 160 పెడితే అదే స్వరం అరసెకను పాటు లోపలి నుంచి ఉబ్బుతూ వస్తుంది, కమాను లాగినట్టు. తరంగం మారలేదు, శ్రుతి మారలేదు. వాద్యాన్ని చెవి గుర్తుపట్టేది ధ్వని రంగుతోనే అనుకుంటాం గానీ, అది ఎలా మొదలైంది, ఎలా పోయింది అన్నదాన్ని బట్టే సగం తీర్పు ఇచ్చేస్తుంది. నేనైతే సగం కంటే ఎక్కువే అంటాను.

ఇక్కడో తిరకాసు. 440 హెర్ట్జ్‌కు 29, 69 అన్న లెక్క యూరప్ యంత్రాలకే. అక్కడ ప్రాసెసర్ గడియారం సెకనుకు 9,85,248 సార్లు కొట్టుకుంటుంది. అమెరికా యంత్రం కాస్త వేగంగా 10 లక్షలు దాటి కొట్టుకుంటుంది గనక అవే అంకెలతో స్వరం అర్ధస్వరంలో సగానికి కొంచెం ఎక్కువే పైకి పోతుంది. తెర కూడా యూరప్‌లో సెకనుకు 50 సార్లు, అమెరికాలో 60 సార్లు మారుతుంది. ఆ లెక్క మీద నడిచే పాట కూడా ఆ మేరకు పరుగందుకుంటుంది. ఇంగ్లండ్‌లో కట్టిన బాణీ అమెరికాలో వినిపిస్తే పాడేవాడికి ఏదో రైలు అందుకునే తొందర ఉన్నట్టుంటుంది.

ఎనిమిది బైట్లలో ఒక వాద్యం

ఇంతవరకూ చెప్పింది పుస్తకంలో ఉన్న విద్య. సిడ్‌కు పేరు తెచ్చింది ఇది కాదు. పైన చేసిన తీగ ధ్వనిని పదిసార్లు వినండి, పదకొండోసారికి విసుగొస్తుంది. ఎన్నిసార్లు మీటినా ఒకటే మూస. నిజం వాద్యంలో స్వరం నిలబడి ఉన్నంతసేపూ ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది, శ్రుతి వణుకుతుంది, రంగు మారుతుంది. ఆ కదలిక సిడ్ తనంతట తను ఇవ్వదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని గళ్లలో అంకెలు మారుస్తూ ఉండాలి. బేసిక్‌కు అంత చురుకు లేదు. అందుకని మెషిన్ లాంగ్వేజ్‌లో ఓ చిన్న ప్రోగ్రాము రాసి, తెర మారిన ప్రతిసారీ, అంటే 20 మిల్లీసెకన్లకోసారి, అది లేచి మూడు గొంతుల అంకెలూ సవరించి మళ్లీ పడుకునేలా చేశారు. ఆ రెండు మేలుకొలుపుల మధ్య కాలాన్ని ఈ పనివాళ్లు ఫ్రేమ్ అంటారు. మిగతా సమయమంతా ఆట నడపడానికి. ఎందుకంటే ఈ సంగీతం చాలావరకు వీడియో గేముల కోసం పుట్టిందే.

ఈ పనిలో మొదటి పెద్ద పేరు రాబ్ హబర్డ్. ఇంగ్లండ్‌వాడు, సంగీతం నేర్చుకుని తర్వాత మెషిన్ లాంగ్వేజ్ నేర్చుకున్నవాడు. 1985లో 'మాంటీ ఆన్ ద రన్' అనే గేముకు ఆయన కట్టిన బాణీ ఇప్పటికీ ఈ లోకంలో జాతీయగీతం లాంటిది. ఆయన ప్లేయర్ ప్రోగ్రామును తర్వాత ఔత్సాహికులు విప్పి చూశారు. మొత్తం వెయ్యి బైట్ల పరిధిలోది. అందులో ఒక వాద్యం అంటే ఎనిమిది బైట్లు, అంతే.

ఆ ఎనిమిదీ చూడండి. మొదటి రెండు పల్స్ వెడల్పు. మూడోది తరంగం రకం. నాలుగు, ఐదు జాతకం. ఇక్కడికి చిప్ అడిగే సమాచారం అయిపోయింది. మిగిలిన మూడు హబర్డ్ చేర్చినవి. ఆరోది శ్రుతి ఎంత వణకాలో చెబుతుంది. ఏడోది పల్స్ వెడల్పు ఎంత వేగంగా మారాలో చెబుతుంది. ఎనిమిదోది మూడు మీటల గుత్తి. ఒకటి నొక్కితే వాద్యం డ్రమ్ము అవుతుంది, ఇంకోటి నొక్కితే స్వరం కొండ మీంచి దూకినట్టు కిందికి జారుతుంది, మూడోది నొక్కితే ఆ స్వరమూ దాని పై స్థాయి స్వరమూ మార్చిమార్చి మోగుతాయి.

ఏడో బైటు దగ్గర కాసేపు ఆగాలి. పల్స్ వెడల్పు 0 నుంచి 4095 దాకా ఉంటుంది. 2048 దగ్గర సరి సగం, బోలుగా ఉండే ధ్వని. అక్కడి నుంచి ఇటో అటో పోతున్న కొద్దీ పలచబడి ముక్కులోకి పోతుంది. ఫ్రేమ్‌కోసారి ఆ వెడల్పును కొంచెం కొంచెం పెంచుతూ తగ్గిస్తూ పోతే ఒక్క గొంతే ఇద్దరు ముగ్గురు కలిసి పాడుతున్నట్టు చిక్కబడుతుంది. సిడ్ పాట అనగానే తెలిసినవాళ్ల చెవిలో మెదిలే ఆ నిండైన, తిరుగుడు ధ్వని ఇదే. అదే కాలపు చాలా యంత్రాల్లో పల్స్ ఒకే వెడల్పున బిగుసుకుని ఉండేది. ఈ చిప్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే అంశం ఇదే. ఫిల్టర్ గురించి లోకం చెప్పుకునేంత గొప్ప నాకు కనిపించదు.

డ్రమ్ము తయారీ ఇంకా తమాషా. మొదటి ఫ్రేములో నాయిస్, చర్మం మీద పుల్ల తగిలిన చప్పుడు. రెండో ఫ్రేము నుంచి త్రిభుజమో పల్సో, శ్రుతి గబగబా పడిపోతూ, లోపలి గాలి గుమ్మన్న మోత. నాలుగైదు ఫ్రేముల్లో, పదోవంతు సెకనులో పని పూర్తి. ఆ నాయిస్ ముక్క ఒక్క ఫ్రేము ఎక్కువుంటే పేలిన టపాకాయ, తక్కువుంటే బల్ల మీద వేలు తట్టిన శబ్దం. మన మృదంగంలో దరువు పడగానే వచ్చే 'త' ముక్కనూ దాని వెనకొచ్చే 'ధోం' ముక్కనూ విడదీసి వినే అలవాటున్నవాళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది.

గొంతులు మూడే గనక కార్డ్ వాయించాలంటే మూడూ ఖర్చయిపోతాయి. బేస్ ఎవరు వాయించాలి, డ్రమ్ము ఎవరు కొట్టాలి? దానికి దొరికిన ఉపాయం, ఒకే గొంతుతో మూడు స్వరాలనూ ఫ్రేముకొకటి చొప్పున గిరగిరా తిప్పడం. సెకనుకు 50 మార్పులు. చెవి వాటిని విడివిడిగా పట్టుకోలేక, పూర్తిగా కలిపేయనూ లేక, నురగలు కక్కుతున్నట్టు మెరిసే ఒక ధ్వనిగా సర్దుకుంటుంది. మొదట పేదరికం కొద్దీ వచ్చిన ఈ పద్ధతే తర్వాత ఆ సంగీతానికి ముద్ర అయింది. ఇప్పుడు వంద ట్రాకులున్న స్టూడియోలో కూడా పాతకాలపు గేము వాసన కావాలంటే ఇదే చేస్తారు. మాంచెస్టర్‌లో ఓషన్ కంపెనీకి పనిచేసిన మార్టిన్ గాల్వే, డచ్ కుర్రాడు యెరూన్ టెల్ లాంటివాళ్లు దీన్ని ఎక్కడికో తీసుకెళ్లారు.

చిప్ చేసే అల్లరి

సిడ్ మంచి వాద్యమే గానీ ఒద్దికైనది కాదు. జాతకం లెక్క లోపల ఒక తప్పుంది. ధ్వని ఏ వేగంతో ఎక్కాలో దిగాలో కొలవడానికి ఒక కౌంటర్ ఉంటుంది. అది పైకి లెక్కపెట్టుకుంటూ పోయి, మనం కోరిన వేగానికి కేటాయించిన అంకెతో సరిగ్గా సమానమైతేనే ఒక మెట్టు కదిలిస్తుంది. దాటిపోయిందా అని చూడదు, సమానమా అని మాత్రమే చూస్తుంది. కౌంటర్ ఆ అంకెను దాటాక మనం వేగం పెంచామనుకోండి, సిటీ సర్కిల్ బస్సు కళ్లముందే స్టాపు దాటిపోయినట్టే. అది ఊరంతా తిరిగి మళ్లీ వచ్చేదాకా నిలబడాల్సిందే. 32768 వరకు లెక్కపెట్టి తిరిగొచ్చేసరికి 33 మిల్లీసెకన్లు. పాటలో అది ఒకటిన్నర ఫ్రేము ఆలస్యం. స్వరం ఒకసారి తాళంలో పడుతుంది, ఒకసారి ఈడుస్తుంది, ఒక్కోసారి చిన్న స్వరమైతే అసలు పలకనే పలకదు.

కంపెనీ దీన్ని సరిచేయలేదు. సరిచేసుకున్నది సంగీతం కట్టేవాళ్లు. తర్వాతి స్వరం ఇంకా రెండు ఫ్రేములుందనగానే పాత స్వరం గేట్ మూసేసి, జాతకం గళ్లలో సున్నాలు కొట్టి, కౌంటర్‌ను చిన్న చక్కర్లకు అలవాటు చేసి ఉంచుతారు. కొత్త స్వరం తొలి ఫ్రేములో తరంగం గడిలో 9 అని రాస్తారు. అందులో 8 ఆసిలేటర్‌ను మొదటికి తెచ్చి నిలబెడుతుంది, 1 గేట్ తెరుస్తుంది. అసలు తరంగం ఆ తర్వాతి ఫ్రేములో వస్తుంది. దీనికి హార్డ్ రీస్టార్ట్ అని పేరు. ఇవాళ సిడ్ వాద్యం తయారుచేసే ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఇది తప్పకుండా కనబడుతుంది. ప్రతి స్వరం ముందూ ఓ చిన్న నిశ్శబ్దం ఉంటుంది గనక పాటకు కొత్త బిగువు కూడా వచ్చింది. తప్పును కప్పిపుచ్చబోయి ఓ శైలి సంపాదించారు.

ఇంకో తప్పయితే ఏకంగా నోరిచ్చింది. 6581లో వాల్యూమ్ గడిలో అంకె మార్చినప్పుడల్లా స్పీకర్‌లో చిన్న టిక్కు వినిపిస్తుంది. అది అసలు వినిపించకూడదు. కానీ ఆ టిక్కులను సెకనుకు కొన్ని వేలసార్లు, తగిన ఎత్తుల్లో వరసగా కొడితే అదే ధ్వని తరంగం అవుతుంది. పదహారు మెట్లే అయినా మాటా, డ్రమ్మూ గుర్తుపట్టేలా వస్తాయి. అలా మూడు గొంతులకు తోడు ఒక దొంగ నాలుగో గొంతు దొరికింది. గాల్వే 1987లో 'అర్కనాయిడ్' బాణీలో రికార్డు చేసిన డ్రమ్ములు కొట్టించింది ఈ దొడ్డిదారినే. సరిగ్గా అదే కాలంలో చిప్‌ను మెరుగుపరిచి 8580 అనే కొత్త రూపం తెచ్చారు. 12 వోల్టుల బదులు 9 వోల్టులు, తక్కువ వేడి, తక్కువ రొద. ఆ టిక్కు కూడా పోయింది. దాంతో కొత్త యంత్రం కొనుక్కున్నవాళ్లకు ఆ డ్రమ్ములు ఎక్కడో పక్కింట్లో కొడుతున్నట్టు వినిపించాయి. చివరికి ఓ రెసిస్టర్ సోల్డర్ చేసుకుని పాత లోపాన్ని మళ్లీ తెచ్చుకున్నవాళ్లున్నారు.

6581 ఫిల్టర్ సంగతి సరేసరి. అది అనలాగ్ సరుకు. ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు చిప్‌లలో కూడా ఒకే అంకెకు ఫిల్టర్ వేర్వేరు చోట్ల తెరుచుకుంటుంది. ఒకరి ఇంట్లో గుమ్మని మోగే బేస్ ఇంకొకరి ఇంట్లో కంబళి కప్పినట్టు మూగబోతుంది. అందుకే ఫిల్టర్ మీద మరీ ఆధారపడని వాద్యాలే ఎక్కువ కాలం బతికాయి. కావాలంటే హబర్డ్ ఎనిమిది బైట్లు మళ్లీ చూడండి, ఫిల్టర్ ఊసే లేదు.

అంకెలతో కుస్తీ పట్టలేనివాళ్ల కోసం సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిలో చెప్పుకోవాల్సింది జర్మన్ కుర్రాడు క్రిస్ హ్యూల్స్‌బెక్ రాసిన సౌండ్‌మానిటర్. 1986లో '64ఎర్' అనే జర్మన్ పత్రికలో అచ్చయింది. అచ్చయిందంటే సమీక్ష అనుకునేరు, ప్రోగ్రామే అంకెల వరసలుగా అచ్చయింది. పాఠకులు పత్రిక పక్కన పెట్టుకుని పేజీలకు పేజీలు టైపు చేసుకుంటేనే వాద్యం చేతికొచ్చేది.

మన దేశంలోకి కమోడోర్ పెద్దగా రాలేదు. 1984లో కేంద్రం బడుల్లో కంప్యూటర్ చదువుకు క్లాస్ పథకం పెట్టినప్పుడు వచ్చింది బీబీసీ మైక్రో. దాని బేసిక్‌లో ధ్వనికి ఆజ్ఞలు దర్జాగా ఉన్నాయి. ఎన్వలప్ అనే ఒక్క ఆజ్ఞకు ఏకంగా 14 అంకెలివ్వాలి. కానీ లోపలి చిప్‌లో చదరపు తరంగం, నాయిస్ తప్ప మరొకటి లేదు. అక్కడ మాట ఉంది, గొంతు లేదు. ఇళ్ల కోసం 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ తెచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్‌లో అదీ లేదు, ఉన్నదల్లా కీచుమనే స్పీకరే. వాద్యాన్ని అంకెలతో చెక్కే పని మన దగ్గర ఇళ్లలో కాకుండా మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో మొదలైంది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్ 7 తరం కీబోర్డులతో 'ప్రోగ్రామర్' అనే కొత్త పనివాడు ఆర్కెస్ట్రాలోకి వచ్చాడు. సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు మీద పనిచేసిన కుర్రాళ్లలో తర్వాత ఏఆర్ రెహమాన్ అయినాయన కూడా ఉన్నారు.

తంబురా పెడదాం

ఇప్పుడు అసలు యంత్రం దొరక్కపోయినా ఫరవాలేదు. కమోడోర్ 1994లో దివాలా తీసింది. కొత్త సిడ్‌లు ఇక రావు, ఉన్నవాటికి ధర పెరుగుతోంది. వైస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ ల్యాప్‌టాప్‌నే కమోడోర్‌గా మార్చేస్తుంది. గోట్ ట్రాకర్ లాంటి వాటిలో వాద్యాలు చేసుకోవచ్చు. పాత పాటలు యాభై వేలకు పైగా హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్ అనే భండారంలో ఉన్నాయి. అవి రికార్డింగులు కావు, ఆనాటి ప్రోగ్రాములూ అంకెలే. ఒక్కో ఫైలులో ఇది 6581 కోసం కట్టినదా, 8580 కోసమా అని కూడా రాసి ఉంటుంది.

ఈ చిప్ మీద వయొలిన్లూ గిటార్లూ చాలామంది చేశారు. మనకు పనికొచ్చేది, చిప్ స్వభావానికి నప్పేది తంబురా అని నా ఉద్దేశం. దాని తీగలు నాలుగు, మన దగ్గర గొంతులు మూడు. కానీ సారణి, అనుసారణి రెండిటిదీ ఒకటే స్వరం గనక ఒకే గొంతును రెండుసార్లు మీటితే సరిపోతుంది. రెండోసారి గేట్ తెరిచినప్పుడు సిడ్ ధ్వనిని సున్నా నుంచి మొదలుపెట్టదు, అప్పటికి ఎంత మట్టంలో ఉందో అక్కడి నుంచే ఎక్కుతుంది. తంబురాకు కావాల్సింది కూడా అదే. హార్డ్ రీస్టార్ట్ ఇక్కడ అక్కర్లేదు.

శ్రుతి ఒకటిన్నర అనుకుందాం. యూరప్ యంత్రం లెక్కన మంద్ర షడ్జమానికి 1180, పంచమానికి 1770, సారణికి 2360. ఈ మూడు అంకెల మధ్య నిష్పత్తి కచ్చితంగా రెండు, మూడు, నాలుగు. కీబోర్డు మీద పంచమం వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది, ఇక్కడ అంకె మనదే గనక శుద్ధ పంచమమే పెట్టుకోవచ్చు. గళ్లలో రాసేటప్పుడు 256తో భాగించి రాయాలి. 1180కి పై గడిలో 4, కింది గడిలో 156. 1770కి 6, 234. 2360కి 9, 56.

తంబురా తీగను గోటితో కొట్టరు, వేలి కండతో నిమురుతారు. అటాక్ సున్నా పెడితే అది తంబురా కాదు, మాండొలిన్. అటాక్ 3 అంటే 24 మిల్లీసెకన్లు, డికే 13 అంటే 9 సెకన్లు. రెండూ కలిపితే జాతకం గడిలో 61. సస్టెయిన్ సున్నా.

ఇక జీవాళి. గుర్రం మీద తీగ కింద దూర్చే ఆ నూలుపోగు వల్లే తంబురా ఝుమ్మంటుంది. మీటిన క్షణం నుంచి పై స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి మలుగుతాయి. దీన్ని ఫిల్టర్‌తో చేయాలని మొదట ఎవరికైనా అనిపిస్తుంది. 54295లో 247, 54296లో 47 పెట్టి, 54294లో అంకెను మెల్లగా దించుకుంటూ వస్తే పై స్వరాలు వరసగా తళుక్కుమంటాయి, బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే ఫిల్టర్ మూడు గొంతులకూ కలిపి ఒక్కటే. పంచమం సగం కరిగాక సారణి మీటితే, ఫిల్టర్ పైకి లేచినప్పుడు పంచమం కూడా దాంతోపాటు మళ్లీ లేచి కూర్చుంటుంది. నాలుగు తీగలకూ ఒకే పోగు కట్టినట్టన్నమాట. అందుకని ఫిల్టర్ వదిలేసి, తరంగాన్ని పల్స్‌కు మార్చి, ఏ గొంతుకు ఆ గొంతు వెడల్పును మీటిన దగ్గర్నుంచి 200 నుంచి 2048 వైపు నెమ్మదిగా నడిపించాలి. సన్నటి వెడల్పులో పై స్వరాలు పుష్కలం, సగానికి చేరుతున్న కొద్దీ ధ్వని బోలుగా స్థిమితపడుతుంది. అచ్చం జీవాళి అనను గానీ, మిక్సీ మోత దగ్గర మాత్రం ఆగదు.

పక్కన మృదంగం కూడా కావాలంటారా? గొంతులైతే అయిపోయాయి. హబర్డ్ లాంటివాళ్లు చేసిన పనే చేయాలి, మంద్రం గొంతును నాలుగు ఫ్రేములు అరువు తీసుకోవాలి. దరువు ఎక్కడ పడితే అక్కడ వేస్తే మోగుతున్న మంద్రం తెగిపోయి శ్రుతి కుంటుతుంది. కాబట్టి మంద్రం తీగను మీటబోయే చోటికి సరిగ్గా నాలుగు ఫ్రేముల ముందు వేసుకోవాలి. ఒక ఫ్రేము నాయిస్, మూడు ఫ్రేములు జారే త్రిభుజం, ఆ వెంటనే 4, 156, 65.